లైపోమా ఎర్రర్లు మూడు, రిబటల్ ఒక్కదానికే

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లెటూరు. బీఫార్మసీ అయ్యాక అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని సీపీసీ (మెడికల్ కోడర్ల సర్టిఫికేషన్ పరీక్ష) పాసయ్యాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అమెరికా క్లయింట్‌కి సర్జరీ చార్టులు కోడ్ చేస్తున్నాను, అంటే బిల్లుల కోసం జబ్బుకీ డాక్టర్ చేసిన పనికీ కోడ్ నంబర్లు వేస్తాను. పోయిన నెల ఆడిట్‌లో నాకు పడిన ఎర్రర్లలో మూడు లైపోమావే, అంటే కొవ్వు గడ్డల చార్టులవే. మొదటిది: వీపు మీద 4.5 సెం.మీ. లైపోమా తీసి లేయర్లుగా కుట్టారు. గడ్డ తీసినందుకు 11406, కుట్లకి 12032, డయాగ్నసిస్‌కి డి17.9 వేశాను. ఆడిటర్ అన్నీ కొట్టేసి 21931, డి17.1 అన్నారు. రెండోది: క్లినిక్ విజిట్‌లో వీపు మీద గడ్డకి డాక్టర్ ‘లైక్లీ లైపోమా’ (బహుశా లైపోమా) అని రాశారు. డి17.1 వేశాను, ఆర్22.2 వేయాలన్నారు. మూడోది: తొడ మీద లైపోమా. ఆప్ నోట్‌లో (సర్జన్ రాసే ఆపరేషన్ నోట్) సైజు లేదు, పాథాలజీ రిపోర్టులో 3.2 సెం.మీ. ఉంది. దాన్ని చూసి పెద్ద సైజు కోడ్ 27337 వేశాను. చిన్న సైజుది 27327 మాత్రమే ఇవ్వాలని దిద్దారు. కొవ్వు గడ్డ బినైన్ (క్యాన్సర్ కాని) లీజనే కదా, 114 సిరీస్ ఎందుకు తప్పయింది? మా టీమ్‌లో ఒక సీనియర్ అయితే ‘డౌట్ ఉంటే డి49.2 పడేయ్’ అంటారు. ఎవరి మాట వినాలి? ఈ మూడింటికీ రిబటల్ (ఆడిట్ మీద అభ్యంతరం) పెట్టొచ్చా?

జవాబు: సీనియర్ మాట మాత్రం వినకండి, ఎందుకో తర్వాత చెప్తాను. ముందు వీపు చార్టు చూద్దాం. మీ తికమకంతా అక్కడే మొదలైంది.

మీ లెక్క ఇలా నడిచినట్టుంది: లైపోమా బినైన్, బినైన్ లీజన్ తీస్తే 11400 నుంచి 11446 వరకు, వీపు ట్రంక్ కిందికి వస్తుంది, సైజు 4 సెం.మీ. దాటింది, కాబట్టి 11406. మొదటి మెట్టు తప్పితే మిగతావన్నీ సరిగ్గానే ఎక్కారు. 114 సిరీస్ సీపీటీలో, అంటే డాక్టర్ చేసే పనుల కోడ్ పుస్తకంలో, చర్మం అధ్యాయంలో ఉంది. చర్మంలో పుట్టిన వాటిని, అంటే పుట్టుమచ్చ, సెబేషియస్ సిస్ట్ లాంటి వాటిని చర్మం మందమంతా కోసి తీసినప్పుడు వాడేది అది. లైపోమా పుట్టేది చర్మంలో కాదు, దాని కింద ఉండే కొవ్వులో. గోడ మీద సున్నానికి పట్టిన మరక వేరు, గోడ లోపలి ఇటుక వేరు. ఇటుక తీయాలన్నా సున్నం పగలగొట్టాల్సిందే, అంతమాత్రాన అది సున్నం పని అయిపోదు. అందుకే కొవ్వు గడ్డల కోడ్లు మస్క్యులోస్కెలిటల్ అధ్యాయంలో, 2తో మొదలయ్యే నంబర్లలో, సాఫ్ట్ టిష్యూ ట్యూమర్ పేరుతో ఉంటాయి. సబ్‌క్యుటేనియస్ అంటే చర్మానికి కింద, డీప్ ఫేషియాకి (కండరాల్ని కప్పే పొర) పైన. సబ్‌ఫేషియల్ అంటే డీప్ ఫేషియా కింద, కండరంలో ఉన్నది కూడా ఇందులోనే. జబ్బు పేరు లైపోమా అని ఉన్నంత మాత్రాన సీపీటీ కోడ్ తేలదు. సర్జన్ ఏ పొరలోంచి తీశాడన్నదే తేలుస్తుంది.

కోచింగ్ నోట్సుల్లో ‘లైపోమా అంటే 114’ అనే ఒక్క లైను ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. అది రాసినవాళ్లని తిట్టి లాభం లేదు. ఈ సాఫ్ట్ టిష్యూ కోడ్లని 2010లో సైజుని బట్టి చిన్నవి, పెద్దవి అని విడగొట్టారు. అప్పుడు చేరిన కొత్త నంబర్లు కొన్నిచోట్ల వరుసలో ఇమడలేదు. మెడ, ఛాతీ ముందు భాగానికి 3 సెం.మీ. లోపు అయితే 21555, 3 ఆపైన అయితే 21552. చిన్నదానికి పెద్ద నంబరు, పెద్దదానికి చిన్న నంబరు! పుస్తకంలో 21552 పక్కన హ్యాష్ గుర్తు ఉండేది అందుకే. నంబర్ల వరుసను నమ్ముకుని కోడ్ వేసేవాళ్లు ఇక్కడ జారిపడతారు. వివరణ చదివి వేయండి.

వీపు, ఫ్లాంక్ సబ్‌క్యుటేనియస్‌కి 3 సెం.మీ. లోపు 21930, 3 ఆపైన 21931. మీ గడ్డ 4.5, కాబట్టి 21931. ఇక 12032 ఎందుకు పోయిందంటే, సాఫ్ట్ టిష్యూ కోడ్లలో సింపుల్ కుట్లతో పాటు ఇంటర్మీడియట్ (లేయర్లుగా వేసే) కుట్లు కూడా కలిసే ఉంటాయి. 114 సిరీస్‌లో సింపుల్ ఒక్కటే కలిసి ఉంటుంది, ఇంటర్మీడియట్ విడిగా వేసుకోవచ్చు. మీ చేతికి ఆ అలవాటు ఉండిపోయింది. కాంప్లెక్స్ రిపేర్‌ని విడిగా వేసే దారి ఉంది కానీ, దానికి 2020 నుంచి నిబంధన గట్టిగా ఉంది. ఎక్స్‌టెన్సివ్ అండర్‌మైనింగ్ (అంచుల్ని దగ్గరికి లాగి కుట్టడానికి కింది పొర నుంచి విడదీయడం) ఆధారంగా అడగాలంటే, పుండు వెడల్పుకి తగ్గకుండా, కనీసం ఒక అంచు పొడవునా అండర్‌మైన్ చేసినట్టు నోట్‌లో కనపడాలి. గడ్డని విడదీయడానికి పొరలు లేపడం ఎక్సిషన్‌లో భాగమే. దాన్ని అండర్‌మైనింగ్ అని చెప్పి కాంప్లెక్స్ రిపేర్ కోడ్ 13101 అడగడానికి కుదరదు.

ఫేషియా అనే మాట దగ్గర చాలామంది మోసపోతారు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఆప్ నోట్‌లో ‘డౌన్ టు ఫేషియా’ అని కనిపించగానే సబ్‌ఫేషియల్ కోడ్ వేసేస్తారు. ఫేషియా వరకు వెళ్లడం, ఫేషియాని తెరిచి దాని కిందికి వెళ్లడం రెండూ ఒకటి కాదు. ఫేషియా మీద కూర్చున్న లైపోమా సబ్‌క్యుటేనియస్సే. పొట్ట చార్టుల్లో స్కార్పాస్ ఫేషియా అన్న పేరు వస్తుంది. అది డీప్ ఫేషియా కాదు, పొట్ట కొవ్వులోనే ఉండే పల్చటి పొర. దాన్ని కోసినా సబ్‌క్యుటేనియస్ కోడ్లు 22902, 22903 లోనే ఉంటాం. సబ్‌ఫేషియల్ కోడ్లు 22900, 22901కి వెళ్లాలంటే డీప్ ఫేషియా దాటినట్టు రాసి ఉండాలి. ‘ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ కండరంలో గడ్డ ఉంది, ఫేషియాని ఇన్సైజ్ చేసి తీశాం’ అన్నంత స్పష్టత కావాలి.

నుదుటి మీద దీనికి తిరగబడ్డ పరిస్థితి. పైనుంచి చూస్తే చిన్న మెత్తని గడ్డలా ఉంటుంది. కానీ నుదుటి లైపోమాలు ఫ్రంటాలిస్ కండరం కింద ఉండడం తరచూ కనిపించే సంగతే. సబ్‌గేలియల్ (మాడు చర్మం కింది గట్టి పొరకి కింద), ఇంట్రామస్క్యులర్ (కండరంలో) రెండూ సబ్‌ఫేషియల్ కిందికే వస్తాయని సీపీటీ వివరణలోనే ఉంది. 2 సెం.మీ. లోపు అయితే 21013, ఆపైన అయితే 21014. డాక్టర్ ఫ్రంటాలిస్‌ని విడదీసి కింద నుంచి తీశానని రాస్తే, చిన్న గడ్డే కదా అని సబ్‌క్యుటేనియస్ కోడ్ 21011 వేసేస్తే చేసిన పనిని తక్కువ చేసి చూపినట్టు. తక్కువ కోడ్ వేస్తే ఎర్రర్ పడదని కొందరనుకుంటారు. పడుతుంది.

అలాగని 114 సిరీస్ లైపోమాకి ఎప్పటికీ పనికిరాదని గీత గీయకండి. గడ్డ చర్మం పొరల్లోనే ఉందని, సబ్‌క్యుటేనియస్‌లోకి వెళ్లలేదని నోట్ చెప్తే అదే సరైనది. అలాంటి చార్టు అరుదుగా వస్తుంది. ఎక్కువగా ఎదురయ్యేది మరొకటి: డాక్టర్ లైపోమా అనుకుని తీస్తారు, పాథాలజీలో ఎపిడెర్మల్ సిస్ట్ అని వస్తుంది. సిస్ట్ కొవ్వులోకి ఎంత ఉబ్బినా పుట్టుక చర్మంలోనే కాబట్టి సీపీటీ 114కి, డయాగ్నసిస్ ఎల్72.0కి మారుతుంది. అందుకే ఎక్సిషన్ చార్టుని పాథాలజీ రిపోర్టు వచ్చేదాకా హోల్డ్‌లో పెట్టమని మంచి క్లయింట్లు ముందే చెప్తారు. మీ క్లయింట్ చెప్పకపోతే మీరే మీ లీడ్‌ని అడగండి.

డి17.9 విషయంలో ఆడిటర్‌తో వాదించడానికి ఏమీ లేదు. వీపు అని రాసి ఉండగా ‘స్థానం చెప్పలేదు’ అనే కోడ్ వేస్తే ఎవరైనా కొడతారు. డి17.0 తల, ముఖం, మెడ. డి17.1 ట్రంక్. చేతులు, కాళ్లకి డి17.21 నుంచి డి17.24 వరకు, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కుడి కాలు, ఎడమ కాలు అన్న వరుసలో. డి17.20 అంటే ఏ వైపో తెలియని కాలో చెయ్యో. సర్జన్ ఆపరేషన్ చేసిన వైపు ఆప్ నోట్‌లో లేకపోవడం ఎలా సాధ్యమని పేయర్ (బిల్లు చెల్లించే బీమా సంస్థ) అడుగుతాడు, అడగాలి కూడా. ఇంకో సంగతి: శరీరాన్ని సీపీటీ విడగొట్టినట్టు, జబ్బుల కోడ్ పుస్తకమైన ఐసీడీ విడగొట్టదు. ఛాతీ ముందు భాగం సీపీటీలో మెడతో కలిసి ఉంటుంది, ఐసీడీలో వీపుతో కలిసి డి17.1లో ఉంటుంది. మాడు సాఫ్ట్ టిష్యూ కోడ్లలో ముఖంతో కలుస్తుంది, 114 సిరీస్‌లో మెడ, హ్యాండ్స్ (మణికట్టు కింది భాగం), పాదాలతో కలుస్తుంది. ఒక పుస్తకంలోని ఇరుగుపొరుగుని ఇంకో పుస్తకంలోకి తీసుకెళ్లొద్దు.

కోడ్ మారితే దాని వెనక మరో రెండు మారతాయి, ఇవి మీ ఉత్తరంలో లేకపోయినా చెప్తున్నాను. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ లెక్కలో 11406కి గ్లోబల్ పీరియడ్ (తర్వాతి విజిట్లు ఆపరేషన్ ఫీజులోనే కలిసిపోయే గడువు) 10 రోజులు, 21931కి 90 రోజులు. అదే రోజు విజిట్‌లో సర్జరీ నిర్ణయం జరిగి ఉంటే, 10 రోజుల కోడ్‌తో పాటు ఈఎం (విజిట్ కోడ్) వేయడానికి విజిట్ ప్రత్యేకంగా, గుర్తించదగినంతగా ఉండాలి, మాడిఫయర్ 25 (కోడ్‌కి తగిలించే అదనపు గుర్తు) వాడాలి. 90 రోజుల కోడ్ అయితే, నిర్ణయం ఆ రోజునో ముందు రోజునో తీసుకున్న విజిట్‌కి మాడిఫయర్ 57. 11406ని 21931కి దిద్ది 25ని అలాగే వదిలేసిన చార్టులు ఆడిట్‌లో బోలెడు కనిపిస్తాయి. నెల తర్వాత కుట్లు చూపించుకోవడానికి వచ్చిన విజిట్‌కి విడిగా బిల్లు వేయకూడదన్నది కూడా అప్పుడే గుర్తుకు రావాలి.

ఇక ‘లైక్లీ లైపోమా’. అవుట్‌పేషెంట్ చార్టుల్లో ప్రాబబుల్, సస్పెక్టెడ్, లైక్లీ, రూలౌట్ లాంటి మాటలతో ఉన్న జబ్బుని ఖాయమైనట్టు కోడ్ చేయకూడదని ఐసీడీ-10-సీఎం మార్గదర్శకాల నాలుగో సెక్షన్ చెప్తుంది. ఆ రోజు ఖాయంగా తెలిసిందేమిటో అదే కోడ్. ఖాయంగా తెలిసింది వీపు మీద గడ్డ ఉందని, అంతే. ఆర్22.2 సరైనదే. ఇన్‌పేషెంట్‌లో డిశ్చార్జ్ నాటికి అనుమానంగానే ఉన్నదాన్ని ఖాయమైనట్టు కోడ్ చేయొచ్చు. మీరు ఏదో ఒక బ్యాచ్‌లో ఇన్‌పేషెంట్ గైడ్‌లైన్ చదివి ఇక్కడ వాడినట్టున్నారు. మీకు ఇది పిచ్చిగా అనిపించొచ్చు. డాక్టర్ వేళ్లతో నొక్కి చూసి లైపోమా అని దాదాపు తేల్చేశాక ఇంకా గడ్డ అని రాయడమేంటని. నిజమే, కానీ డాక్టర్ ‘లైపోమా’ అని నేరుగా రాసి ఉంటే డి17.1 వేయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, బయాప్సీ కూడా అక్కర్లేదు. అడ్డం పడింది ‘లైక్లీ’ అన్న ఒక్క మాటే. దాన్ని చెరిపే హక్కు డాక్టర్‌కి ఉంది, మనకి లేదు.

డి49.2 సలహా ఇక్కడే తేలిపోతుంది. డి49 అంటే నియోప్లాజమ్ (కణాల అసహజ పెరుగుదల) ఉంది, దాని ప్రవర్తన ఏమిటో, అంటే క్యాన్సరో కాదో, చార్టులో రాయలేదు అని అర్థం. డాక్టర్ ట్యూమర్ అనో నియోప్లాజమ్ అనో రాస్తేనే అక్కడికి వెళ్లాలి. మాస్, లంప్ అన్న మాటలు నియోప్లాజమ్ కావు. ఇక ‘అన్‌సర్టెన్ బిహేవియర్’ అనే డి48 కూడా మన అనుమానాల కోడ్ కానే కాదు. పాథాలజిస్ట్ స్లైడు చూసి కూడా ఇది ఎటు వెళ్తుందో చెప్పలేమని రాస్తే మాత్రమే అది. రిపోర్టు ఇంకా రాలేదు కాబట్టి అన్‌సర్టెన్ అని డి48 వేస్తే, ఒక పేషెంట్‌కి లేని అనుమానాన్ని ఆమె రికార్డులో శాశ్వతంగా రాసినట్టే. రేపు ఆమె జీవిత బీమాకి అర్జీ పెట్టుకుంటే దానికి జవాబు చెప్పుకోవాల్సింది ఆమె. మీ సీనియర్‌కి ఈ ముక్క చెప్పి చూడండి.

పాథాలజీ వచ్చాక కూడా పేర్లు చూసి కంగారుపడొద్దు. ఆంజియోలైపోమా, ఫైబ్రోలైపోమా, హైబర్నోమా అని రావొచ్చు. ఇండెక్స్‌లో అవన్నీ లైపోమా దగ్గరికే పంపుతాయి. అటిపికల్ లైపోమాటస్ ట్యూమర్, లేదా వెల్ డిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా అని వస్తే మాత్రం అక్కడే ఆగండి. పేరులో ‘లైపో’ ఉంది కదా అని డి17 వేయకూడదు. డాక్టర్‌కి పంపి అంతిమ డయాగ్నసిస్ రాయించుకోవాలి. ఒళ్లంతా గడ్డలు, నొప్పులు ఉన్న మనిషికి డెర్కమ్ అని డాక్టర్ రాస్తే ఈ88.2. గడ్డలు ఎక్కువ ఉన్నాయి కదా అని మీరు ఆ నిర్ధారణకి రావొద్దు.

తొడ చార్టు దగ్గర మీ వైపు కూడా న్యాయం ఉంది. సీపీటీ అడిగే సైజు సర్జన్ తీసే సమయంలో కొలిచినది: గడ్డ అత్యధిక వ్యాసం, దాన్ని పూర్తిగా తీయడానికి వదిలిన అతి తక్కువ మార్జిన్ కలిపి. పాథాలజీలో కొలిచేది ఫార్మలిన్‌లో ముంచిన స్పెసిమెన్‌ని. మామూలుగా అది కుంచించుకుపోతుంది. కాబట్టి ఒకే ముక్కగా వచ్చిన గడ్డ పాథాలజీలోనే 3.2 ఉంటే ఒంట్లో 3కి తక్కువ ఉండే అవకాశం లేదన్న మీ ఆలోచన తర్కానికి నిలుస్తుంది. కానీ లైపోమాలు ముక్కలుగా బయటికి రావడం మామూలే. ‘అగ్రిగేట్’ అని రాసి 3.2 ఇచ్చారా, ఒకే నాడ్యూల్ అని ఇచ్చారా? చుట్టూ ఉన్న మామూలు కొవ్వుని కూడా కలిపి కొలిచారా? ఇవి చూడకుండా పాథాలజీ అంకె ఎత్తుకుని పెద్ద కోడ్ వేయడం కుదరదు. చిన్న కోడ్ వేయమన్న ఆడిటర్ జాగ్రత్త చూపారు, నిజమే, కానీ అది కూడా ఊహే. ఈ రెండిటికంటే సరైన పని డాక్టర్‌కి క్వెరీ (వివరణ అడిగే రాతపూర్వక ప్రశ్న) పంపడం. మీ కంపెనీ పంపలేదు, మీరూ అడగలేదు.

క్వెరీ ఎలా రాయాలో కూడా చూడండి. ‘గడ్డ 3 సెం.మీ. కంటే పెద్దదే కదా, దయచేసి అడెండమ్ (నోట్‌కి తర్వాత చేర్చే వివరణ) రాయండి’ అంటే అది క్వెరీ కాదు, డాక్టర్ చేత మనకి కావాల్సింది రాయించుకోవడం. అమెరికాలో మెడికల్ రికార్డుల నిపుణుల సంఘాలైన అహైమా, ఏసీడీఐఎస్ కలిసి ఇచ్చిన క్వెరీ మార్గదర్శకాలు ఇలాంటి దారి చూపే ప్రశ్నల్ని ఒప్పుకోవు. డబ్బు మీద పడే ప్రభావం కూడా క్వెరీలో రాయకూడదు. ఇలా రాయండి: ‘ఫలానా తేదీ ఆప్ నోట్‌లో కుడి తొడ లైపోమా ఎక్సిషన్ ఉంది. తీసే ముందు కొలత, మార్జిన్, గడ్డ ఉన్న పొర నోట్‌లో కనిపించలేదు. మీ క్లినికల్ నిర్ణయం ప్రకారం వాటిని అడెండమ్‌లో నమోదు చేయగలరు.’ ఒకే మనిషికి నాలుగు గడ్డలు తీస్తే నాలుగింటి కొలతలూ విడివిడిగా అడగాలి. అన్నీ కలిపి ఒక పెద్ద సైజు చేసే పని సాఫ్ట్ టిష్యూ కోడ్లలో లేదు. ఒక్కో గడ్డకి ఒక్కో కోడ్, రెండోదానికి అది వేరే గడ్డ అని చెప్పే మాడిఫయర్ 59 గానీ ఎక్స్ఎస్ గానీ.

గడ్డని ఎందుకు తీశారో నోట్‌లో లేకపోతే, అదే క్వెరీలో కలిపేయకండి, విడిగా అడగండి. నొప్పి, పెరుగుదల, బెల్టు రాసుకోవడం, కదలికకి అడ్డం, ఇవన్నీ మెడికేర్‌కి, చాలామంది పేయర్లకి కారణాలే. ‘పేషెంట్ కోరిక మేరకు’ అని ఒక్కటే ఉంటే అది కాస్మెటిక్. మెడికేర్ పరిధిలోకి రాదని చెప్పే మాడిఫయర్ జీవై వైపు వెళ్తుంది. మెడికల్ నెసెసిటీ మీద అనుమానం ఉండి పేషెంట్ చేత ముందే ఏబీఎన్ (మెడికేర్ చెల్లించకపోవచ్చని తెలిపే నోటీసు) మీద సంతకం పెట్టించుకుని ఉంటే మాడిఫయర్ జీఏ. ఏ కారణాన్నీ మనం పెంచి రాయకూడదు, హెచ్‌పీఐలో (నోట్‌లోని జబ్బు హిస్టరీ భాగం) ఉన్నదాన్ని వదిలేయకూడదు కూడా. నొప్పి ఉందని హిస్టరీలో రెండు లైన్లు ఉండగా అసెస్‌మెంట్‌లో ఒక్క ‘లైపోమా’ చూసి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ.

రిబటల్ మాటకొస్తే, వీపు చార్టు, ‘లైక్లీ’ చార్టు రెండిటికీ పెట్టకండి. మీ పేరు చెడుతుంది తప్ప పాయింట్లు తిరిగిరావు. తొడ చార్టుకి పెట్టండి, కానీ 27337 కావాలని కాదు. పాథాలజీ రిపోర్టులో గ్రాస్ డిస్క్రిప్షన్ (కంటితో చూసి, కొలిచి రాసిన వివరణ) లైనుని అతికించి, ఆప్ నోట్‌లో కొలత లేదు కాబట్టి ఈ చార్టుని క్వెరీకి పంపి, జవాబు వచ్చాక స్కోర్ చేయండని అడగండి. సైజు లేని చార్టుల్లో పాథాలజీ కొలతని తీసుకోవచ్చా లేదా అన్నది మీ క్లయింట్ గైడ్‌లైన్ డాక్యుమెంట్‌లో ఉందేమో వెతికి చూడండి. ఉంటే ఆ లైనుని కూడా రిబటల్‌లో పెట్టండి. లేకపోతే, ఆ రూల్ రాతపూర్వకంగా ఇవ్వమని మీ లీడ్ ద్వారా క్లయింట్‌ని ఈ రిబటల్‌లోనే అడిగించండి.